సింగారి నీలి చేతులు

కంచిరేవు రాజ్యంలో పట్టాభిషేకం ఇంకా తొమ్మిది రోజులుందనగా యువరాణి హేమవల్లి ముంజేతి మీద గవ్వంత తెల్లమచ్చ కనబడింది. మూడోనాటికి మరోటి చెంప మీదికెక్కింది. ఇంకేముంది! మంత్రి గుండయ్య కొంపలంటుకున్నట్టు కేకలు పెట్టాడు.

"అంటురోగం! పట్టాభిషేకం ఆపి, అమ్మగారిని అడవికి పంపాల్సిందే!"

కోటలో బట్టలకు రంగులద్దే సింగారి యువరాణికి చిన్ననాటి నేస్తం. నీలిమందు తొట్లలో ముంచి ముంచి ఆమె చేతులు మోచేతుల దాకా నీలమే.

"పట్టాభిషేకం రోజుకి మందు తెస్తాను. నిన్ను అడవికి పోనిస్తానా?" అని కొంగు బిగించి, అడవి అవతలి గుహలో తపస్సు చేసే ముని కోసం బయలుదేరింది.

ముళ్లడవి దాటింది. మొసళ్ల వాగు ఈదింది. గుహ వాకిట్లో రాక్షసి అడ్డుపడితే, దాని వెలిసిన చీరకు మోదుగుపూల రంగు అద్దిపెట్టి దారి సంపాదించింది. పాపం, రాక్షసికి మాత్రం ముచ్చట ఉండదా పిల్లలూ! లోపలి ముని కళ్లు తెరిచాడు.

"ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదమ్మా. యువరాణి ఒంటిని కాచే సైనికులే పొరబడి సొంతవాళ్లను కొడుతున్నారు. ఈ ఆకు నమిలితే ఆవగింజలో వెయ్యోవంతు అవుతావు. వెళ్లి నువ్వే అడుగు."

"అడక్క మానతానా స్వామీ!"

ఎనిమిదోనాటికి తిరిగొచ్చి, ఆకు నమిలి, యువరాణి చర్మంలోకి దూరింది. అక్కడ చర్మానికి రంగు వేసే పనివాళ్లు తొట్లు వదిలి పరుగులు తీస్తుంటే, సైనికులు ఈటెలతో వెంటపడి పొడుస్తున్నారు. సింగారి అడ్డం వెళ్లి నిలబడింది. ఆమెనూ పట్టుకుని దళపతి ముందు పడేశారు.

"దీని చేతులకీ రంగే! ఇదీ దొంగే!"

"చేతికి రంగుంటే దొంగని ఎవరయ్యా చెప్పింది?" అంది సింగారి.

"పోయిన వానాకాలం దొంగలు ఒంటికి రంగు పూసుకునే చొరబడ్డారు. మేం మరిచిపోయే రకం కాదు," అన్నాడు దళపతి మీసం దువ్వుతూ.

"మరిచిపోవద్దు, తేడా తెలుసుకో. పూసిన రంగు తడిగుడ్డకు వదులుతుంది. పనిచేసిన చేతి రంగు గోళ్లలోకి దిగుతుంది. తుడిచి చూడు!"

దళపతి తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. పోలేదు. మూలన నక్కిన ముసలి పనివాడి చేయి తుడిచాడు. అదీ అంతే. దళపతి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో, మనవాళ్లనే పొడిచామే!"

"ఏడుపు తర్వాత. ఆపమని చెప్పేవాళ్లే లేరా మీకు?"

ఉన్నాడు, 'చాలు' డప్పు కొట్టే పెద్దాయన. యుద్ధం మధ్యలో చాలంటున్నాడని దళపతే ఆయన్ను కొట్లో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు తనే తీశాడు. పెద్దాయన డప్పు మెడలో వేసుకున్నాడు. చాలు! చాలు! ఈటెలు ఒక్కొక్కటే దిగాయి. మిగిలిన పనివాళ్లు తొట్ల దగ్గరికి వచ్చారు. సింగారి బయటికొచ్చింది, ఆకు మహిమ తీరి మళ్లీ మామూలు మనిషైంది.

పట్టాభిషేకం నాటికి యువరాణి చెంప మీద చామనఛాయ చుక్కలు మొలిచాయి. ముంజేతి మచ్చ మాత్రం పోలేదు. అక్కడ పనివాళ్లెవరూ మిగల్లేదు మరి. ఆ మాట చెప్పి సింగారి ఏడ్చేసింది.

మచ్చ కనబడకుండా గుండయ్య పొడుగుచేతుల రవిక తెప్పించాడు. హేమవల్లి దాన్ని పక్కకు తోసి, మచ్చ ఉన్న చేయి చాచింది.

"అంటుకునేది కాదు గుండయ్యగారూ. రాజదండం ఇవ్వండి."

ఇవ్వక చస్తాడా! ఇచ్చాడు. రాణి తొలి ఆజ్ఞగా సింగారిని కోటద్వారానికి అధిపతిని చేసింది. అప్పట్నుంచి కంచిరేవు ద్వారాన ఈటెల పక్కనే ఒక తడిగుడ్డ, ఒక డప్పు ఉంటాయి.