నిండిన ఆటో

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే షేర్ ఆటో నిండితే తప్ప కదలదు. భూమేష్‌కు అదే గండం. అంతమందిలో నోరు తెరిచి "అన్నా, ఆపు" అనలేక, సొంతూరు ఎడపల్లి కళ్లముందే దాటిపోయేది. అందుకని దారిలో ఎవరు ఆపించినా సరే, వాళ్లతోపాటే దిగేసి మిగతా దూరం నడిచేవాడు మహానుభావుడు.

మూడు బుధవారాలుగా ఆపిస్తున్నది ఒకే అమ్మాయి. మూడోసారి చెరుకు తోట పక్కన దిగగానే గిర్రున తిరిగింది.

"ఏయ్! నేను యాడ దిగితే గాడనే దిగుతున్నవ్. నా ఎంటబడుతున్నవా?"

భూమేష్ చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి, ప్రతి బుధవారం నిజామాబాద్‌లో చూపించుకునే మానసిక డాక్టర్ చీటీ తీసి చూపించాడు. ఆమె చదివి పకపకా నవ్వింది. తన బ్యాగులోంచి అదే డాక్టర్ రాసిన ఇంకో చీటీ తీసింది.

"నేను దీక్షిత, మాది బోధన్. నీకు నలుగుట్ల మాట్లాడాలంటే భయమా? నాది పానిక్. ఆటో నిండితే గుండె దడదడ, ఊపిరాడది, సచ్చిపోత అనిపిస్తది. మావోళ్లు గుండెజబ్బనుకొని ఈసీజీ తీయించిండ్రు."

"మా అవ్వ దిష్టి తీసింది," అన్నాడు భూమేష్ మెల్లగా.

"గోలీలు ఇచ్చిండ్రా?"

"లేదు. కౌన్సెలింగే. రోజుకొక కొత్త మనిషిని పలకరియ్యాలంట."

"నాకు రెండూ. మధ్యల దిగి పారిపోతే భయం పెరుగుతదంట. కూసుంటే అదే తగ్గుతదంట. నిజామాబాద్‌ల నౌకరి దొరికింది, వచ్చే నెల చేరాలె. ఆటోల కూసోకుంటే అది పాయె."

"నేను పక్కన కూసుంట," అన్నాడు. అన్నాక తనే బిత్తరపోయాడు.

తర్వాతి బుధవారాల్లో దీక్షిత వారం వారం ఇంకొంత దూరం దిగకుండా కూర్చుంది. భూమేష్ పక్కన కూర్చుని ప్రేమలో నిండా మునిగిపోయాడు. ఆ సంగతి మాత్రం గొంతు దాటలేదు. సోమవారం ఆమె నౌకరిలో చేరితే ఇక బుధవారాలు ఉండవు.

ఆఖరి బుధవారం ఆటో ఎడపల్లి చేరింది. భూమేష్ కదల్లేదు, పలకలేదు. జాలిపడి దీక్షితే అరిచింది.

"అన్నా, ఆపు!"

"అన్నా, ఆపకు!" భూమేష్ అంతకన్నా గట్టిగా అరిచాడు. అందరూ తిరిగి చూశారు. "బోధన్ దాక వస్త. ఈమెకు ఒక ముచ్చట చెప్పాలె."

ముందు సీట్లో పసుపు సంచి పట్టుకున్న ఈరవ్వ అనే ముసలామె ఇటు తిరిగింది. "గట్టిగ చెప్పు బిడ్డా, మేమూ ఇంటం."

భూమేష్ సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"దీక్షితా, నువ్వంటే నాకు పానం. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆటో మొత్తం ఆమె వైపు తిరిగింది. దీక్షిత ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"గుండె దడదడ కొట్టుకుంటుంది భూమేష్."

"అయ్యో, దిగుతవా?"

"ఊహూఁ. దిగాలనిపిస్తలేదు," అంది దీక్షిత అతని చెయ్యి పట్టుకుని. "పోనియ్యన్నా!"