కార్డోవాలో దిగిన ఫొటో

“నా పెట్టెలోంచి ఈ ఫొటో ఎవరు తీశారు? ఎవరు తీశారని అడుగుతున్నా!”

ఆర్చీ అరుపుకి ఎఫీ చేతిలోని గరిటె జారి బంగాళదుంపల గిన్నెలో పడింది. ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. బల్ల మీద వేడివేడి కీమా, నెట్టా వదినకి ఇష్టమని ప్రత్యేకంగా తెప్పించిన, మాంసం, ఉల్లిపాయలు కూరి కాల్చిన బ్రైడీలు! వచ్చే శనివారానికి ఎఫీ, ఆర్చీల పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. చర్చి పక్కనున్న హాలు మాట్లాడారు, కేకు చెప్పారు, నలభై మందిని పిలిచారు. ఇంతలో ఈ ఉరుము!

ఫొటో తెచ్చింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రోనా. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా పాతకాలపు ఫొటో కనిపిస్తే చాలు, చిన్నపిల్ల అయిపోతుంది. ప్రతి బుధవారం గ్రంథాలయం పైగదిలో ఓ పదిమంది చేరి, స్కాట్లాండ్‌లోని తమ డండీ నగరంలో కూలిపోయిన కట్టడాల ఫొటోలు ముందేసుకుని కూర్చుంటారు. ఇది ఏ వీధి, ఆ గుమ్మం ఏ సినిమా హాలుది, ఆ దీపం కింద ఏ ఐస్‌క్రీమ్ కొట్టుండేది అని తేల్చేదాకా వాళ్ళకి టీ కూడా దిగదు. అమ్మానాన్నల పెళ్ళిరోజుకి రోనా ఓ ఆల్బమ్ తయారుచేసింది. వాళ్ళ పడుచుతనంలో ఊళ్ళో వెలిగి, ఇప్పుడు ఆనవాలు లేకుండా పోయిన చోట్లన్నీ అందులో అతికించింది. అన్నిటికన్నా ఎక్కువ పేజీలు కార్డోవా డాన్స్ హాలుకే ఇచ్చింది. ఎంత గొప్ప హాలది! గాజు గుమ్మటం, దాని కింద అద్దం ముక్కలు పొదిగిన గోళం, అడుగున స్ప్రింగులు అమర్చిన చెక్క నేల... వారమంతా జనపనార మిల్లుల్లో మగ్గాల హోరుకి చెవులు దిబ్బళ్ళు వేసి, పెదాల కదలిక చూసి మాటలు పోల్చుకునే ఆడవాళ్ళు, శనివారం వచ్చేసరికి జుట్టుకి రింగులు తిప్పుకుని, నార దుమ్ము దులుపుకుని, ఆ నేల మీద రాణుల్లా తిరిగేవారట! ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు.

పెళ్ళి సర్టిఫికెట్ కోసం నాన్న పనిముట్ల పెట్టె వెతుకుతుంటే ఆ ఫొటో దొరికింది. కార్డోవాలో, మెట్ల పక్కన, పాతికేళ్ళ అమ్మ! ఎంత మురిసిపోయిందో! పెద్దది చేయించి, “నాన్నా, అమ్మ ఎంత బావుందో చూడు!” అంటూ తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది పిచ్చిపిల్ల.

“శనివారం నేను రాను. మీరు మీరు చేసుకోండి ఆ పండగేదో,” అన్నాడు డెబ్భై ఆరేళ్ళ ఆర్చీ, ఫొటోని అరచేత్తో కప్పేసి.

“ఏం ఫొటో అది? నన్నూ చూడనీ ఆర్చీ,” అంది ఎఫీ.

“అబ్బో! ఎంత ఎరగనట్టు అడుగుతున్నావే ఎఫీ!” అని దీర్ఘం తీసింది నెట్టా. ఆర్చీకి అక్క. ఎనభైకి దగ్గర పడినా ఆడపడుచు హోదా ఒక్క రవ్వ తగ్గలేదు. “మా తమ్ముడు కనుక ఇన్నేళ్ళూ దిగమింగుకున్నాడు. మరొకడైతేనా...”

“అత్తా, నువ్వాగు! నాన్నా, ఏమైంది? డాన్స్ హాల్లో డాన్స్ చేస్తే తప్పా?”

“డాన్స్ చేస్తే తప్పని నేనన్నానా?” అన్నాడు ఆర్చీ. “ఎవడితో ఆడినా ఏమనుకునేవాణ్ణి కాదు. ఆ ఉంగరం చూడవే రోనా! మీ అమ్మ ఉంగరం ఏ చేతికుందో చూడు!”

రోనా చూసింది. ఫొటోలో అమ్మ చెయ్యి ఒకటి ఎవరో మగమనిషి భుజం మీద ఉంది. వేలికి పెళ్ళి ఉంగరం. కుడిచేతి వేలికి!

ఆ వీధుల్లో పెళ్ళయిన ఆడది ఉంగరం ఎడమచేతికే పెట్టుకుంటుంది. మొగుడు పోయాక తీసి కుడిచేతికి మార్చుకుంటుంది. ఆ సంగతి పసిపిల్లకి కూడా తెలుసు.

“బతికుండగానే నన్ను చంపేసింది,” అన్నాడు ఆర్చీ. “అప్పటికి ఓడల కార్ఖానాలో పని పోయి ఏడాదిన్నర. ఆవిడ మిల్లుకి పోతుంటే, నేను ఇంట్లో నీకు పాలు పడుతూ, గిన్నెలు తోముతూ ఉన్నా. వీధంతా నన్ను ‘కెటిల్ కాచేవాడు’ అని ఎగతాళి చేసేది. అన్నీ పడ్డాను. కానీ ఇది... మొగుడు లేడని పదిమందికీ చెప్పుకోవడానికి ఉంగరం మార్చుకుని వెళ్ళిందే! ఈ పనికిమాలినవాడు ఉన్నా లేనట్టే అనుకుంది!”

ఎఫీ కుర్చీ లాక్కుని కూర్చుంది. నలభై ఆరేళ్ళు! నలభై ఆరేళ్ళనుంచి ఆ ఇంట్లో తనకి అర్థంకాని చలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పటికి తెలిసింది! తన పక్కన పడుకునే మనిషి ఒకరోజు దిండు చంకన పెట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. నడుం నొప్పన్నాడు. ఆ నడుం నొప్పి మళ్ళీ తగ్గలేదు. మరో బిడ్డ కావాలని ఎంత తపించిందో... ఎవరికి చెప్పుకోగలదు? తన జీతం అతని మనసుకి గుచ్చుకుంటోంది కాబోలనుకుని, జీతం కవరు చప్పుడు కాకుండా డబ్బాలో పెట్టడం నేర్చుకుంది. మిల్లులో స్నేహితురాళ్ళు నవ్వించిన మాటలు గుమ్మం బయటే వదిలేసి వచ్చేది. “ఇక డాన్సులకి వెళ్ళకు” అన్న ఒక్క మాటకి, ఆ ఊళ్ళో తనంతటి డాన్సరు లేదనిపించుకున్న మనిషి, బూట్లు తీసి చెల్లెలికి ఇచ్చేసింది. తరవాత అతనికి పని దొరికినప్పుడు, ఇప్పుడైనా నవ్వుతాడేమోనని ఎదురుచూసింది. నవ్వలేదు. ఇదా! ఇందుకా!

“నీకు ఆ ఫొటో ఎక్కడిది?” అని అడిగింది, ఏడుపు ఆపుకుంటూ.

నెట్టా బ్రైడీ కింద పెట్టి, “నేనే ఇచ్చాను. అయితే?” అంది. “కార్డోవా మెట్లు కడగడానికి పొద్దుట పూట వెళ్ళేదాన్ని కదా. ఫొటోలు తీసే ఆయన రాత్రి తీసినవన్నీ గుమ్మంలో బోర్డుకి గుచ్చేవాడు. పరువు పోతుందని పీక్కొచ్చి నా తమ్ముడి చేతిలో పెట్టాను. నా జన్మలో ఆ నేల మీద కాలు పెట్టి ఎగిరిన పాపాన పోలేదు నేను!”

“ఇటివ్వు,” అంది ఎఫీ.

ఆ గొంతులో ఏముందో, ఆర్చీ చెయ్యి తనంతట తనే పక్కకి జరిగింది. ఎఫీ కళ్ళజోడు సర్దుకుని ఫొటోని కిటికీ వెలుగుకి పట్టింది. ఒక్క క్షణం... రెండు క్షణాలు... కళ్ళనిండా నీళ్ళతోనే ఆమె మొహం చిట్లించింది.

“ఇదేం పట్టు? ఇలా ఎవరైనా ఆడతారా!”

“ఏమిటమ్మా?”

“ఆర్చీ, లే. లేచి నిలబడు.”

“ఇప్పుడు నాతో ఆటలా నీకు?”

“యాభై ఏళ్ళలో నిన్నొక్కటి అడిగానా? లేవమంటున్నా!”

అతను లేచాడు. అతనికి డాన్స్ రాదు. పెళ్ళికి ముందు కూడా ఆమెను కార్డోవా గుమ్మందాకా దింపి, లోపలికి రాకుండా సిగ్గుపడి వెళ్ళిపోయేవాడు. ఎఫీ ఎదురుగా నిలబడి అతని కుడిచెయ్యి తీసుకుని తన వీపు మీద పెట్టుకుంది. అతని ఎడమచేతిలో తన కుడిచెయ్యి పెట్టింది. తన రెండో చెయ్యి అతని భుజం మీద ఆనించింది.

“మగాడి కుడిచెయ్యి ఆడదాని వీపు మీద. డాన్స్ హాలు పుట్టిన నాటినుంచీ ఇదే పట్టు. డండీలో అయినా, లండన్‌లో అయినా ఇంతే. ఇప్పుడు చూడు. నీ భుజం మీద నా ఏ చెయ్యుంది?”

“ఎడమ...”

“ఫొటోలో?”

ఆర్చీ బల్ల మీది ఫొటో వైపు చూశాడు. ఫొటోలోని మగమనిషి ఎడమచెయ్యి ఆమె వీపు మీద ఉంది. అన్నీ తారుమారే!

“అమ్మా!” రోనా ఒక్క ఉదుటున లేచి ఆల్బమ్ తెరిచింది. “మెట్లు! మెట్లు చూడండి! కార్డోవాలో మెట్లు గుమ్మంలోంచి వస్తే కుడిపక్క. నా దగ్గర ఆరు ఫొటోలున్నాయి, ఆరింట్లోనూ కుడిపక్కే. ఇందులో ఎడమపక్క ఉన్నాయి! అయ్యో, నేనెలా చూడలేదు! ఫిల్ముని తిరగేసి అచ్చువేశాడు నాన్నా, కుడి ఎడమైపోయింది! తెల్లారేసరికి బోర్డుకి పెట్టాలన్న తొందరలో... మా బుధవారపు గుంపుకి నెలకొకటి వస్తుందిలా. కొట్టు పేరు ఉంటే అక్షరాలు తిరగబడి వెంటనే పట్టిస్తాయి. ఇందులో ఎక్కడా అక్షరం లేదు!”

నెట్టా మొహంలో రక్తం లేదు.

“ఉంగరం ఎడమచేతికే ఉంది,” అన్నాడు ఆర్చీ మెల్లగా. “ఎడమచేతికే ఉంది...”

“మా మిల్లులో ఏ పిల్లకి చూపించినా ఒక్క క్షణంలో చెప్పేది!” ఎఫీకి అప్పుడొచ్చింది కోపం, ఎన్నేళ్ళ కోపమో! “నాకు చూపిస్తే నేనే చెప్పేదాన్ని! డాన్స్ తెలియని నువ్వూ, డాన్స్ గిట్టని మీ అక్కా కూర్చుని నా కాపురానికి తీర్పు చెప్పారా? ఒక్కసారి... ఒక్కసారి ఈ ఫొటో నా మొహాన కొట్టి, ‘ఇదేమిటే ఎఫీ’ అని అడిగితే నీ సొమ్మేం పోయేది?”

“అడిగే మొహం నాకేదీ?” ఆర్చీ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. “నువ్వు తెచ్చింది తింటూ, ఏమని నిలదీసేది? నువ్వు ‘అవును’ అంటే... నేనెక్కడికి పోయేవాణ్ణి? ‘అవును’ అంటావేమోనని భయం. అందుకే అడగలేదు ఎఫీ!”

అతనలా ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కోపం పోలేదు. కానీ ఇన్నేళ్ళూ అతను ఆ పనిముట్ల పెట్టెలో దాచుకున్నది పగ కాదనీ, భయమనీ తెలిసేసరికి ఆమె గుండె తరుక్కుపోయింది. భుజం మీద చెయ్యి తియ్యబోయి ఆగింది.

“ఎఫీ, నేను... నాకు తెలీదమ్మా. చెడు చెయ్యాలని కాదు...” నెట్టా కోటు వెతుక్కుంటోంది.

“కూర్చో వదినా. తిండి మధ్యలో లేచి వెళ్ళకు. నీతో తరవాత మాట్లాడతా,” అంది ఎఫీ. నెట్టా కూర్చుంది. ఆడపడుచు నోరు మూతపడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి!

ఆర్చీ కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా తడబడుతూ అడిగాడు. “మరి... అతనెవరు?”

“ఎవరో! పేరు కూడా జ్ఞాపకం లేదు. మా ముసలి నేతగత్తె బెల్లాకి పనిలో ఆఖరి రోజని మిల్లువాళ్ళం అందరం వెళ్ళాం. హాల్లో ఎవరొచ్చి ఆడదామన్నా కాదనకూడదు, కాదన్న పిల్ల బయటికి నడవాల్సిందే. అలా ఒక పాటకి లేచాను.”

“మరి అలా నవ్వుతున్నావేం? అతన్ని చూడ్డంలేదు నువ్వు. అతని భుజం మీదుగా ఇంకెవర్నో చూసి... అంత సంతోషంగా! ఉంగరం కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ చంపింది ఎఫీ. నా దగ్గర నువ్వలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు.”

ఎఫీ ఫొటోని మళ్ళీ తీసి చూసుకుంది. పాతికేళ్ళ పిల్ల. పెద్ద కళ్ళు పైకెత్తి ఎటో చూస్తూ, పెదాల చివర నవ్వుతోంది. “రోనా, మెట్లకి ఎదురుగా ఆ గోడమీద ఏముండేదే?” అంది.

రోనా ఆల్బమ్‌లో పేజీలు తిప్పింది. పొద్దుటపూట ఎవరూ లేని కార్డోవా. మెరిసే నేల, వరసగా కుర్చీలు. మెట్లకి ఎదుటిగోడ మీద, బాజావాళ్ళ అరుగుకి పైన, ఓ పెద్ద గుండ్రటి గడియారం!

“గడియారం,” అంది రోనా.

“ఆఁ. పదికి ఇంకా పది నిమిషాలు ఉంది,” అంది ఎఫీ. “పది గంటలకి మన వీధికి బస్సు. నువ్వు రోనాని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నేను రాకుండా టీ తాగనని, కప్పు ముందుంచుకుని కూర్చునేవాడివి. ఇంక పది నిమిషాలాగితే ఇంటికెళ్ళిపోవచ్చనుకున్నా. అందుకే ఆ నవ్వు.”

ఆర్చీ ఆమె భుజం మీద తలవాల్చి, వీపు మీదున్న చేతిని ఇంకాస్త గట్టిగా బిగించాడు. ఎఫీ అలాగే నిలబడింది. బల్ల మీద కూర చల్లారిపోయింది.