అత్త మోకాలి మీద సిరా చుక్క

గైడు చేతులు చూడగానే బుజ్జి ఓ అడుగు వెనక్కి వేసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు.

"ఇవి అంటుకుంటాయా?"

"తడిస్తే అంటుకుంటాయండీ. స్కెచ్ పెన్ను." అతను చెయ్యి తిప్పి చూపించాడు. "నిన్న సూది గుచ్చాల్సిన పాయింట్ల పరీక్ష. ఊపిరితిత్తులది ఎరుపు, గుండెది నీలం. సబ్బుతో కూడా పూర్తిగా పోవట్లేదు."

ఆక్యుపంక్చర్, చైనా సంప్రదాయ వైద్యం నేర్పే ఆ స్కూల్లో, చేరాలనుకునేవాళ్ళు చూసి వెళ్ళడానికి ఆ రోజు తలుపులు తెరిచారు. రెండో ఏడు చదువుతున్న అతని జేబుకి 'గైడు' అని అట్టముక్క తగిలించారు.

బుజ్జి ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తూ సూదివైద్యం మీద మనసు పారేసుకుంది. ఊళ్ళో స్కూళ్ళు రెండు. ఇది పెద్దది, వంతెన అవతలిది చిన్నది. రెండింటిలోనూ ఆ సాయంత్రంతో అడ్మిషన్లు ఆఖరు. ఎందులో చేర్చాలో తేల్చే పని నాన్న తన అక్కకి అప్పగించాడు. ఆ అక్కగారు, అంటే బుజ్జి మేనత్త, దాన్ని తన మోకాలికి అప్పగించింది.

"ఎవరి చేతిలో నా మోకాలు నెమ్మదిస్తే వాళ్ళ దగ్గరే చేరుస్తా," అంటూ అత్త కుర్చీలో కూలబడి కాలు చాపింది. "పొద్దున వంతెన అవతల సూదులు గుచ్చి, ఇంకా చాలాసార్లు రావాలన్నారు. నాకంత ఓపిక లేదు. నువ్వు కానియ్యి నాయనా."

గైడు బుజ్జి వైపు చూశాడు. ఆ చూపు అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే ఉంది. బుజ్జి గోడమీది బొమ్మలోని కాలేయాన్ని శ్రద్ధగా పరిశీలించింది. చెవులు మాత్రం వేడెక్కాయి.

అతను మోకాలిచిప్ప కింద వేలితో తడిమి, ఒకచోట ఆగి, పెన్నుతో చుక్క పెట్టాడు.

కళ్ళు గట్టిగా మూసుకున్న అత్త మెల్లగా తెరిచి, లేచి గది చుట్టూ నడిచింది.

"పోయింది. గుచ్చినట్టే తెలియలేదు. చెయ్యంటే ఇదీ."

"ఆంటీ, నేనింకా..."

అతని మాట పూర్తి కాకుండానే ప్రిన్సిపాల్ వచ్చి భుజం తట్టాడు. సర్టిఫికెట్లు తెచ్చి చేర్చేస్తానని అత్త బుజ్జిని బస్టాపుకి లాక్కెళ్ళింది.

వాన మొదలైంది. ఆ వానలోనే గైడు పరిగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, నేను సూది గుచ్చలేదు. చుక్క పెట్టానంతే."

అత్త మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. నొప్పి అప్పుడే తిరిగొచ్చేసింది.

"ఆ మాట అక్కడే చెప్పచ్చుగా," అంది బుజ్జి.

"ప్రిన్సిపాల్ గారు భుజం మీంచి చెయ్యి తియ్యలేదండీ. మాకు మూడో ఏడు దాకా సూది ఇవ్వరు. ఇచ్చాక కూడా దిండుకే గుచ్చాలి. మీరేమో పేషెంట్లని ఎప్పుడు ముట్టుకోనిస్తారని వచ్చినప్పట్నుంచీ అదొక్కటే అడుగుతున్నారు. అవతలి స్కూల్లో మొదటి నెల నుంచే గురువు పక్కన నిలబెట్టి నాడి చూపిస్తారు. అక్కడికే వెళ్ళండి."

"మరి మీరెందుకు ఇక్కడ చేరారు?"

"నాకెవరూ ఇలా వెనకాల పరిగెత్తుకొచ్చి చెప్పలేదండీ."

బుజ్జి నవ్వు దాచుకుంది. "దీనికోసం ఇంత తడవాలా?"

"రాకపోతే మీరు ఇక్కడే చేరేవారు, రోజూ కనిపించేవారు. గేటు దగ్గర నిలబడి కాసేపు అదే ఊహించుకుని సంబరపడ్డాను. తర్వాత మీరు దిండుకి గుచ్చుతూ నన్ను తిట్టుకోవడం కూడా కనిపించింది."

అతని మోచేతి నుంచి ఎరుపూ నీలమూ కలిసి ఊదారంగు కారుతోంది. బుజ్జి గొడుగు అతని మీదికి జరిపింది. తన భుజం తడుస్తున్నా పట్టించుకోలేదు.

"తిట్టుకునేదాన్నే," అంది. "ఇప్పుడేమో నన్ను చూడాలంటే వంతెన దాటాలి."

"దాటతానండీ. సాయంత్రాలు నాకు దిండుతో ఏం పని?"

బస్సు వచ్చి ఆగింది. అత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసి లేచింది.

"సర్టిఫికెట్లు నేను వంతెన అవతలి స్కూలుకే తెస్తా. నువ్వు నడిచి రా బుజ్జీ. ఇందులో చోటు లేదు."

బస్సులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు.

"చోటు లేదన్నానా," అంటూ అత్త ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని గైడుకి వేలు చూపించింది. "నువ్వూ తోడు వెళ్ళు నాయనా. పిల్లకి దారి తెలియదు."

పొద్దున అత్తకి ఆ దారి చూపించింది బుజ్జే.