ఒక్కదానికే పెట్టిన పరీక్ష

నాలుగేళ్ళ చదువులో నాకు మిగిలింది ఒక్క పేపరు. ఫ్లూయిడ్ మెకానిక్స్. హాస్టల్లో అందరూ దాన్ని నీళ్ళ పేపరు అనేవాళ్ళు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. చివరిసారి రెండే రెండు మార్కుల్లో. నాతో చదివినవాళ్ళు పెట్టెలు సర్దుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఉద్యోగమైతే నాకూ వచ్చింది, మంచినీటి పైపులైన్లు డిజైన్ చేసే ఆఫీసులో. కాకపోతే ఒకటో తారీఖులోగా పాసైనట్టు కాగితం చూపించాలి. లేదంటే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. ఆఖరి సంవత్సరం వాళ్ళ కోసం ప్రత్యేకంగా పెట్టిన ఆ పరీక్ష తప్ప నాకింకో దారి లేదు.

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధం. గొంతులోనే తెలుస్తోంది. చూడవే, ఈసారి కంగారుపడకు. వచ్చినవి ముందు రాసెయ్. రాకపోయినా సరే, గంట కొట్టేదాకా లేవకు. పోయినసారి అరగంట ముందే లేచొచ్చావు."

"సరేలే, లేవను."

హాస్టల్లో మిగిలిన నా రూమ్మేట్ పరీక్ష జరిగే బ్లాకు మెట్ల దాకా తోడొచ్చింది. ఊరికే టైమెంతైందో చెబుతూ ఉంటుందని దాన్ని గడియారం అనేవాళ్ళం. "ఐదింటికి ఈ మెట్ల దగ్గరే ఉంటా. ఐదూ అయిదుకి దిగకపోతే నేనే వచ్చి ఈడ్చుకెళ్తా," అంది.

పాత బ్లాకు, మూడో అంతస్తు, వరండా చివరి గది. తలుపు ముందువైపు, నల్లబల్ల పక్కన. వరసకి ఎనిమిది చొప్పున ఐదు వరసల బల్లలు. ఈ పేపరుకి దరఖాస్తు పెట్టింది ఐదుగురం. మిగతా నలుగురూ రాలేదు. రెండు గంటలకి ఆ గదిలో ఉన్నది నేనూ, ఇన్విజిలేటర్ మేడమూ.

ఆవిడ వేరే డిపార్ట్‌మెంటావిడ. సన్నగా, జుట్టు సగం నెరిసి, కళ్ళజోడు తాడుకి కట్టుకుని ఉంది. హాల్ టికెట్ మీద ఫొటో చూసి, నా మొహం చూసి, మళ్ళీ ఫొటో చూసింది.

"నువ్వొక్కదానివేనా?"

"అవును మేడం."

"ముందు బల్ల మీద కూర్చో. ఇదిగో, ఒక్క మాట. కిటికీలోంచి చూడు, నాకేసి చూడు, నీ ఇష్టం. వెనక్కి మాత్రం తిరక్కు."

నాకు నవ్వొచ్చింది. "కాపీ కొడదామన్నా వెనకెవరున్నారు మేడం?"

ఆవిడ నవ్వలేదు. ప్రశ్నపత్రం బోర్లా పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

మొదటి ప్రశ్న తెలిసిందే. రెండోది కాస్త తిప్పి ఇచ్చారు, అయినా దొరికింది. పైన ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది. కింద ఎక్కడో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. ఈసారి గట్టెక్కుతానేమో అని మొదటిసారి అనిపించింది.

మూడున్నరకి మబ్బు పట్టింది. కిటికీల్లో వెలుగు బూడిదరంగుకి తిరిగింది. గాలికి తలుపు ఢామ్మని కొట్టుకుంటోంది. అటెండరు తాత తల లోపల పెట్టి, "లోపలి గడియ ఊడిపోయింది మేడం. బయట్నించి పెట్టేస్తా. ఐదింటికి గంట కొట్టి నేనే వచ్చి తీస్తా," అన్నాడు.

"వద్దు, వద్దు..." అంటూ మేడం లేచేలోపే గడియ పడిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు వరండా పొడుగునా వెళ్ళి, మెట్లమీద దిగిపోయింది.

ఆ వెంటనే కరెంటు పోయింది.

ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. అది ఆగాక వినిపించింది నాకు.

పెన్ను చప్పుడు.

గరుకు కాగితం మీద పాళీ గీసుకుంటున్న చప్పుడు. నా పెన్ను గాల్లోనే ఉంది. చప్పుడు గది చివర్నుంచి వస్తోంది. ఎవరైనా ఆలస్యంగా వచ్చారేమో అనుకున్నా. కానీ తలుపు నా కళ్ళెదురుగా ఉంది. రెండు గంటల్నుంచి ఒక్కరూ రాలేదు.

మేడం కేసి చూశాను. ఆవిడ నేలకేసి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు.

"మేడం... వెనక ఎవరో..."

"రాసుకో."

"ఎవరో రాస్తున్నారు మేడం."

"రాసుకోమన్నానా!" గుసగుసగానే కసిరింది.

వెనక పెన్ను ఆగింది. బల్ల కిర్రుమంది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకో బల్ల కిర్రుమంది, ఇందాకటి కన్నా దగ్గర్లో. మళ్ళీ పెన్ను మొదలైంది.

మేడం లేచి, నాలుగు అడిషనల్ షీట్లు పట్టుకుని నా పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. కళ్ళు దాదాపు మూసుకునే నడిచింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో కాగితాలు లేవు. వేళ్ళ కొసలు నల్లగా, సిరాలో ముంచినట్టున్నాయి.

"ఎంతమంది మేడం?" అన్నాను.

"ఒక్కరే. ఎప్పుడూ ఒక్కరే."

నేను సగం లేచాను. తలుపు బాదుదామని, కేకలు పెడదామని. మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"లేచావంటే నీ పేపరు తీసేసుకోవాలి. పోనీ తీసుకుంటాననుకో, తలుపు తెరిచేవాడు కింద ఉన్నాడు. ఈ గాలిలో వాడికేం వినపడుతుంది? కూర్చో తల్లీ. నువ్వు రాస్తున్నంతసేపు అది నీ జోలికి రాదు."

నాకు రాయాల్సినవి ఇంకా మూడు ప్రశ్నలున్నాయి. రెండే రాసి లేస్తే పాసవను. పాసవకపోతే ఉద్యోగం లేదు, మళ్ళీ ఇదే పేపరు, మళ్ళీ ఇదే గది. అలా అని కూర్చుంటే... వెన్ను మొత్తం చెవి అయిపోయినట్టుంది నాకు. కూర్చున్నాను. ఎవరైనా వింటే నవ్వుతారు గానీ, ఆ భయంలో కూడా నేను పైపులో నీటి వేగం లెక్క చేశాను. అంకెలు వేశాను, కొట్టేశాను, మళ్ళీ వేశాను.

కిర్రు. ఇంకో బల్ల.

కిర్రు. ఇంకోటి.

వాసన తెలిసింది. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి చెమ్మపట్టిన కాగితాల వాసన, దాని అడుగున ఇంకేదో కుళ్ళిన వాసన. వాన మొదలైంది. గదిలో అక్షరాలు కనిపించేంత వెలుగే మిగిలింది.

సరిగ్గా నా వెనక బల్ల కిర్రుమంది.

ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి ఆగినా... ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"మూడోది... వచ్చిందా?"

ఆడపిల్ల గొంతు. పరీక్షల్లో మేమందరం గుసగుసలాడే గొంతే. పెదాలు కదపకుండా, గాలిని మాత్రం వదులుతూ.

"నాకు రాలేదు... ఎన్నిసార్లు రాసినా... రావట్లేదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం వల్లే కాదు. ఆ మాట నేను ఎన్ని రాత్రులు దిండులో మొహం పెట్టుకుని అనుకున్నానో.

"కాస్త... పక్కకి జరుపు."

జరిపాను. నన్నడిగితే ఎందుకు జరిపానో ఈ రోజుకీ చెప్పలేను. నాలుగేళ్ళుగా వెనకనుంచి ఆ మాట వినపడితే చెయ్యి దానంతటదే జరుపుతుంది. రాసిన కాగితం బల్ల అంచుకి, ఎడమపక్కకి. వెనక పెన్ను ఊపందుకుంది. గరగరగర... ఆగకుండా. నేను నాలుగోది రాశాను. అదీ జరిపాను. ఐదోది.

పెన్ను ఆగింది.

"మొదటి పేజీ... చూపించు."

మొదటి పేజీలో జవాబులు లేవు. నా హాల్ టికెట్ నంబరుంది. నా సంతకముంది.

జవాబు పుస్తకం మూసి, అరచెయ్యి దానిమీద అదిమి పట్టుకున్నాను.

"చూపించవా..."

చెవి పక్కనే. నా జుట్టు కదిలింది. నల్లని వేళ్ళు రెండు బల్ల అంచు మీదికి మెల్లగా వచ్చాయి. వేళ్ళంటే వేళ్ళే... కానీ గోళ్ళుండాల్సిన చోట నున్నగా ఉంది.

అప్పుడు మేడం లేచింది. గబగబా వచ్చి నాకూ వెనక బల్లకీ మధ్య నిలబడింది. ఒక చెయ్యి నా భుజం మీద వేసింది. అక్కణ్ణించి కదల్లేదు. ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఆవిడ పళ్ళు టకటక కొట్టుకోవడం వింటూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

కింద గంట మోగింది.

"టైమైపోయింది," అంది మేడం. "ఇద్దరూ పేపర్లిచ్చెయ్యండి."

తలుపు తెరుచుకుంది. తాత టార్చిలైటు వేసి, "ఏంటమ్మా, ఇంత చీకట్లో ఎలా రాశావు?" అన్నాడు. నేను వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నా పేపరు కవర్లో ఉంది. ఇంకో కట్ట, దారంతో కట్టినది, మేడం చంకలో ఉంది.

"అదేం చేస్తారు మేడం?"

"కాల్చేస్తాను. ప్రతిసారీ అంతే." ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "నువ్వేమీ చూపించలేదుగా?"

"లేదు మేడం."

అబద్ధమని ఆవిడకి తెలిసిందో లేదో. వెనకవైపున్న ఇంకో మెట్లవైపు వెళ్ళిపోయింది.

మెట్ల కింద గడియారం తడిసి ముద్దై నిలబడి ఉంది. నన్ను చూసి, "ఐదూ నాలుగు," అంది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. పరీక్ష పోయిందనుకుంది పాపం.

పోలేదు. యాభై ఎనిమిది మార్కులొచ్చాయి. అమ్మ ఫోన్లో మాట్లాడలేక ఏడ్చింది. ఉద్యోగంలో చేరాను. ఐదు నెలలు ఆడవాళ్ళ హాస్టల్లో సర్దుకుని, నిన్న సాయంత్రం అద్దెగదిలోకి మారాను. నాలుగో అంతస్తు, ఒక్కటే గది, ఒక్కటే తలుపు. ఈ పొద్దున సామాన్లు విప్పుతూ, డిగ్రీ పట్టా పోస్టులో పంపమని అడగడానికి పరీక్షల విభాగానికి ఫోన్ చేశాను.

గుమాస్తా నంబరు రాసుకుని, పేజీలు తిప్పాడు.

"మీరు తీసుకెళ్ళారు కదమ్మా. మీరే వచ్చి సంతకం పెట్టారు."

"నేను రాలేదండీ."

"సంతకం హాల్ టికెట్ మీదున్న దానితో సరిపోయింది. అడ్రసు కూడా రాసిచ్చారు, చదవమంటారా?"

చదివాడు. వీధి పేరు. ఇంటి నంబరు. నాలుగో అంతస్తు. నేను నిలబడి ఉన్న ఈ గది.

ఈ వీధి ఒకటుందని నాకు తెలిసింది పోయిన ఆదివారం, బ్రోకరు చూపించినప్పుడు.

"అది... ఏ తారీఖున రాసింది?"

"తారీఖా?" మళ్ళీ పేజీ తిప్పిన చప్పుడు. "రెండు నెలలైందమ్మా."