అనుమతించిన దెబ్బ

కొత్తరేవు చేపల మార్కెట్లో హెడ్ కానిస్టేబుల్ సుభాషిణి మణికట్టు మీది బలసూచిక ఎర్రగా వెలిగింది. మూడో స్థాయి బలానికి అనుమతి వచ్చిందన్నమాట. “ఆగు” అని ఆమె రెండుసార్లు అరిచినా ఎదుటి మనిషి ఆగలేదు. చేతిలో ఏదో ఇనుప వస్తువు మెరుస్తోంది. ఆమె లాఠీతో కొట్టింది. అతను ఐసు పెట్టెల మీద పడ్డాడు. భుజం విరిగింది.

చేతిలో ఉన్నది తాపీ. అతను గవరయ్య అనే తాపీ మేస్త్రీ. పుట్టు చెవుడు.

బలసూచికలు వచ్చి పన్నెండేళ్లయింది. ఎదుటి మనిషి కదలికలనూ, చేతిలోని వస్తువునూ పసిగట్టి, పోలీసు ఎంత బలం వాడవచ్చో అవే చెబుతాయి. వాటి పుణ్యమా అని లాఠీ దెబ్బలకు ప్రాణాలు పోవడం ఆగింది. నివేదికలూ అవే రాస్తాయి. సుభాషిణి స్టేషన్‌కు చేరేసరికే నివేదిక సిద్ధంగా ఉంది: “బలం అనుమతించిన మేరకే వాడబడింది.” కొట్టిందెవరో అందులో లేదు.

ఆమె నేరుగా డీఎస్పీ నజీరుద్దీన్ గదికి వెళ్లింది.

“సార్, కొట్టింది నేనని రాయాలి. దగ్గరికెళ్లి చూసుంటే తాపీ అని తెలిసేది. నేను చూసింది సూచికనే.”

“అది అనుమతిచ్చాక నీ తప్పేముందమ్మా? అలా రాయడానికి నివేదికలో చోటే లేదు.”

“కాగితం మీద రాసిస్తాను.”

“విచారణ వేస్తారు. ప్రమోషన్ పోతుంది.”

“పోనివ్వండి సార్.”

అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టింది. నకలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. గవరయ్య కూతురు నూకరత్నం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

“మూడేళ్ల కిందట మా తమ్ముడి కాలు పోలీసులు విరగ్గొట్టారు,” అంది. “ఎవరినడిగినా సూచిక చెప్పిందనే అన్నారు. ఎవర్ని తిట్టాలో తెలీక మా నాన్న ఆ కోపమంతా కడుపులోనే పెట్టుకున్నాడు.”

తర్వాత తండ్రికి సైగలతో విషయం చెప్పింది. గవరయ్య సుభాషిణిని ఎగాదిగా చూశాడు. కట్టు లేని చేతిని పైకెత్తాడు. ఆ చెయ్యి ఆగకుండా విసురుగా కదలసాగింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు నిండాయి.

నూకరత్నం ఇబ్బందిగా తల దించుకుంది. “వద్దులెండి మేడమ్, ఈ తిట్లు మీరు వినలేరు.”

సుభాషిణి మంచానికి దగ్గరగా జరిగి అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

“ఒక్క మాటా వదలకుండా చెప్పమ్మా,” అంది.