రెండోసారి కొట్టిన కీ

ఐస్ ఫ్యాక్టరీ మెషీన్ రూంలో కంప్రెసర్ పక్కన మెకానిక్ బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

అమ్మోనియా లీకైంది. ఫ్యాన్లు పెట్టి తోలినా ఇంకా కళ్ళు మండుతున్నాయి.

పక్క బిల్డింగులో కంట్రోల్ రూం. అక్కడ డ్యూటీలో ఉన్నది పోయినవాడి అక్కే. గ్యాస్ లీకైతే మెషీన్ రూం గోడమీది సెన్సర్ డబ్బా వైర్‌లెస్‌లో కబురు పంపుతుంది. ఆమె దగ్గర సైరన్ మోగుతుంది. ఆమె బటన్ నొక్కి వాల్వ్ మూసెయ్యాలి.

నొక్కలేదు.

"సైరన్ మోగలేదు సార్," అందామె ఇన్‌స్పెక్టర్‌తో. "మోగితే నొక్కకుండా ఉంటానా? ఎత్తుకుని పెంచిన తమ్ముడు సార్ వాడు."

ఫ్యాక్టరీ ఇంజనీరు నిట్టూర్చాడు. "కునుకు పట్టుంటుంది సార్. సిస్టం మాత్రం బాగానే ఉంది. చూడండి."

సెన్సర్ దగ్గర కాస్త గ్యాస్ వదిలాడు. కంట్రోల్ రూంలో సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఇంకేం కావాలి సార్?" అన్నాడు మేనేజరు. తప్పు ఫ్యాక్టరీది కాదని తేలితే ఆయనకి పండగే. కానిస్టేబుల్ అప్పుడే జీపు తలుపు తీసి పెట్టాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, తమ్ముణ్ణి చంపిందన్న పేరుతో జైలుకి పోవాలి.

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. పోలీసు ఉద్యోగానికి ముందు ఇలాంటి డబ్బాలతోనే కుస్తీ పట్టిన మనిషి. అవి చెప్పేదంతా నమ్మడు.

"ఈమధ్య సిస్టంలో ఏమైనా మార్చారా?"

"నిన్న వైర్‌లెస్ సీక్రెట్ కీ, అదే పాస్‌వర్డ్ లాంటిది, మార్చాం సార్. ఈ డబ్బాలోనూ, కంట్రోల్ రూంలోనూ, రెండువైపులా నేనే మార్చాను. టెస్ట్ కూడా చేశాను."

"ఇవాళ కరెంటు పోయిందా?"

ఇంజనీరు నోరు తెరిచేలోపే అక్క చెప్పింది. "ఒంటిగంటకి పోయింది సార్. వెంటనే వచ్చేసింది. బ్యాటరీ ఉంది కాబట్టి నా కంప్యూటర్ ఆగలేదు."

"లోపల ఏదో జరిగిందని నీకెలా తెలిసింది?"

"రెండింటికి ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తలేదు. భయమేసి ఈయన్ని పిలిచాను. మాస్క్ వేసుకుని ఈయనొక్కరే లోపలికెళ్ళారు. నన్ను గుమ్మంలోనే ఆపేశారు."

ఇన్‌స్పెక్టర్ డబ్బా వైపు చూపించాడు. "దీన్ని రీస్టార్ట్ చెయ్యండి."

"బాగా పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు సార్?" ఇంజనీరు నుదుట చెమట పట్టింది.

"చెయ్యండి."

డబ్బా ఆగి, మళ్ళీ లేచింది. పచ్చలైటు వెలిగింది. గ్యాస్ వదిలారు.

సైరన్ మోగలేదు.

మళ్ళీ వదిలారు. ఊహూఁ.

"లైటు వెలుగుతోంది కదా!" అన్నాడు మేనేజరు.

"కబుర్ని రహస్య భాషలోకి మార్చి పంపే పాతకాలం ఎన్‌క్రిప్షన్ ఇది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. " కీ తప్పైనా కనెక్ట్ అయినట్టే లైటు వెలుగుతుంది. పంపిన కబురు మాత్రం అవతలివైపు అర్థం కాదు."

ఇన్‌స్పెక్టర్ డబ్బాకి తగిలించిన కీబోర్డు ముందు కూర్చుని, డబ్బా లేచేటప్పుడు చదువుకునే స్టార్టప్ ఫైల్ తెరిచాడు. అందులో పాత కీ అలాగే ఉంది.

"ఇది యూనిక్స్ తరహా సిస్టం. కమాండ్ కొట్టి కీ మారిస్తే అప్పటికి పనైపోతుంది. ఈ ఫైల్లో కూడా రాయకపోతే, కరెంటు పోయి రాగానే మళ్ళీ పాత కీతోనే లేస్తుంది. నిన్న మీరు రాయలేదు."

"మర్చిపోయాను సార్," అన్నాడు ఇంజనీరు. "మనిషన్నాక మరుపు ఉండదా?"

"ఉంటుంది. ఒంటిగంటకి మూగబోయిన డబ్బా నేనొచ్చేసరికి ఎలా మాట్లాడింది? ఎవరో కొత్త కీ మళ్ళీ కొట్టారు. కీ తెలిసింది మీకు. లోపలికెళ్ళింది మీరు. కంగారులో రెండోసారీ ఫైల్లో రాయలేదు. చేసిన తప్పే మళ్ళీ చేశారు."

మేనేజరు ఇంజనీరుకి కాస్త దూరంగా జరిగాడు. పోయే పరువు ఎటుందో ఇలాంటివాళ్ళకి ముందే తెలుస్తుంది.

అక్క మెల్లిగా లేచి ఇంజనీరు ఎదుటికి వచ్చింది.

"నేను గుమ్మంలో నిలబడి 'వాణ్ణి బయటికి తీసుకురండి' అని అరుస్తుంటే, మీరు లోపల చేసిన పని ఇదా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరెళ్ళేసరికి వాడు ఎలా ఉన్నాడు? నిజం చెప్పండి."

ఇంజనీరు నేలవైపు చూస్తూ చెప్పాడు.

"ఊపిరి ఉంది."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. గోడకి చేరగిలబడి కూలిపోయింది.

"రెండు నిమిషాల పనేగా అనుకున్నాను," అన్నాడు ఇంజనీరు. "ముందు కీ సరిచేసి, తర్వాత మోసుకొద్దామనుకున్నాను."