దొంగ ఊపిరి

బాబాయి మీద అతనికున్న కోపం ఈ జన్మకు చల్లారేది కాదు. రాయి కోసే మిషన్ మీద నీళ్ళు పడుతుంటే దుమ్ము లేవదు. ఆ సంగతి తెలిసీ బాబాయి నీళ్ళ పైపు కట్టేయించేవాడు. నీళ్ళయితే బురద, బురదయితే కడుగుడు, కడుగుడయితే పని ఆలస్యం. "మగాడివి, దుమ్ముకు జడుస్తావేంట్రా?" అని వెన్ను తట్టేవాడు. తొమ్మిదో తరగతి మాన్పించి తీసుకొచ్చిన అన్న కొడుకు వెన్ను అది. ఆ వెన్నుకు అవతలివైపు ఊపిరితిత్తులుంటాయని ఆ పెద్దమనిషికి గుర్తు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సొంతవాళ్ళు చేసే మేలు ఇలాగే ఉంటుంది.

ఆ దుమ్ము జబ్బును ముదరకుండా ఆపే కొత్త మందు మీద ఊపిరితిత్తుల ఆస్పత్రిలో పరిశోధన జరుగుతోంది. అతన్నీ అందులో చేర్చుకున్నారు. నెలకోసారి వెళ్ళి ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదాలి. ఊదించే టెక్నీషియన్‌ను వరండాలో కూర్చున్న పేషెంట్లంతా హారన్ మేడం అంటారు. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అని ఆమె లోపల అరిస్తే, బయట రోడ్డు మీద లారీలు పక్కకి తప్పుకుంటాయని ఓ ముసలాయన జోకు.

మొదటిసారి ఆ అరుపుకు అతను గొట్టం కింద పడేశాడు.

"కొట్టడానికి రాలేదండీ, ఊదించడానికి వచ్చాను," అంది.

"రెండింటికీ మీ గొంతు ఒకేలా ఉంది మేడం."

ఆమె నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. అతని పని అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత ఊదడం పావుగంట, మాటలు అరగంట. ఓ వానరోజు గొడుగు ఆమెది, పట్టుకున్న చెయ్యి అతనిది, బస్టాపు దాకా నడిచారు. అతనికి ఆయాసం వస్తే ఆమె చెప్పు తెగినట్టు నటించి ఆగింది. బస్సు వచ్చేముందు మాత్రం ముఖం తిప్పుకుని చెప్పేసింది.

"స్టడీలో ఉన్నవాళ్ళతో మాకు స్నేహాలు ఉండకూడదు. రూల్. ఎవరైనా చూస్తే మీ రీడింగులు నేనే దిద్దానంటారు. ఇక వద్దు."

అతను బాగా ఆలోచించి ఓ దారి కనిపెట్టాడు. మనసు పడ్డవాడి తెలివి సూటిగా వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది.

మరుసటి నెల గొట్టం నోట్లో పెట్టుకుని నీరసంగా ఊదాడు. రెండోసారి సగంలో ఆపేశాడు. మూడోసారి దగ్గాడు. ఆమె అరవలేదు. తెర మీద గీతల్ని చూసి, లేచి తలుపు మూసింది.

"ఏంటిది?"

"ఊపిరి అందట్లేదు."

"జబ్బు ఊపిరి ఎన్నిసార్లు ఊదినా ఒకేలా పడుతుంది. గీత మీద గీత కూర్చుంటుంది. ఇవి చూడండి, మూడూ మూడు దార్లు. ఇది దొంగ ఊపిరి."

అతను గొట్టం పక్కన పెట్టాడు.

"గీతలు కలవకపోతే స్టడీలోంచి తీసేస్తారు. తెలుసా?"

"తెలుసు. మీరే చెప్పారు. తీసేస్తే ఇక రూల్ ఉండదు కదా."

ఆమె గిరుక్కున అతని వైపు తిరిగింది. మీరు పోయి నువ్వు వచ్చింది. "నా కోసం మందు వదిలేసుకుంటావా?"

"అసలు మందో ఉత్త బిళ్ళో ఎవరికి తెలుసు? పోల్చి చూడ్డానికి సగం మందికి ఇచ్చేది మందులేని ఉత్త బిళ్ళేగా."

"సగం మందికి అసలుదేగా? బాబాయి నా ఊపిరి తిన్నాడని నెలనెలా తిడతావే, మిగిలింది నువ్వే పారబోస్తున్నావు. ఆయనకీ నీకూ తేడా ఏంటి?"

ఆ మాట రంపంలా దిగింది.

"మరేం చెయ్యమంటావు? నీ ఎదురుగా కూర్చుని పరాయివాడిలా ఊదమంటావా? అది నావల్ల కాదు."

పక్కగదిలో డాక్టరుగారి కుర్చీ జరిగిన చప్పుడయింది. ఈ గీతలు ఇలాగే వెళ్తే అతన్ని తీసేస్తారు. చెరిపేస్తే ఆమె ఉద్యోగానికే ముప్పు. ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత లేచింది.

"ఇక్కడే కూర్చో. కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా," అని పక్కగదిలోకి వెళ్ళింది.

అద్దం తలుపు వెనక మాటలు వినపడలేదు. డాక్టరుగారు కళ్ళజోడు తీయడం, తుడవడం, పెట్టుకోవడం, మళ్ళీ తీయడం మాత్రం కనిపించాయి.

ఆమె తిరిగొచ్చి వంకెకున్న కోటు తీసుకుంది.

"అంతా చెప్పేశాను. ఈ మూడూ లెక్కలోకి రావు, ఎందుకు రావో ఆయన పక్కన రాస్తారు. నీకు ఇంకొకాయన ఊదిస్తాడు. నన్ను కఫం సీసాల గదికి వేశారు."

"ఈ గదంటే నీకు ప్రాణం కదా."

"అయితేనేం. ఆ కొత్తాయన అరవడు, జో కొడతాడు. నిద్రపోకుండా సరిగ్గా ఊదు."

సాయంత్రం ఇద్దరూ గేటు దగ్గరుంటే ఆమెను తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ స్కూటర్ మీద వచ్చింది. కూతురు రెండు ముక్కల్లో తమ ఇద్దరి సంగతి చెప్పింది. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఒంట్లో ఎలా ఉంటుంది నాయనా?"

కూతురు వెనక నుంచి కళ్ళతో వద్దంది. బాగానే ఉందనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగోలేదండీ. రాళ్ళ దుమ్ము. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ తిప్పలు."

కూతురు సీటు కవరు గిల్లుతూ నిలబడింది.

"మాది మూడో అంతస్తు," అంది ఆవిడ చివరికి. "లిఫ్ట్ లేదు."

"ఆగి ఆగి వస్తాను."

"ఆగు. వెనక నుంచి ఎవరూ తరమట్లేదు. ఆదివారం రా." స్కూటర్ తీయబోయి మళ్ళీ కాలు ఆనించింది. "పెళ్ళి మాటల్లో దాపరికం పనికిరాదు. ఇంతకీ ఎంత పోయింది?"

మధ్యాహ్నం కొత్తాయన ఊదించిన మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అతను ఒక్క చుక్క తగ్గించకుండా చెప్పాడు.

"ఉండాల్సిన ఊపిరిలో లీటరున్నర మీద డెబ్భై మిల్లీలీటర్లు పోయిందండీ."